మేడ మీద నల్లపొడి, యాప్‌లో మాత్రం గాలి బాగుందట!

ప్రశ్న: మాది వైజాగ్ వన్‌టౌన్ అండీ. పొద్దున్న బట్టలారేస్తే మధ్యాహ్నానికి తీగ మీద నల్లపొడి, గాలి నాణ్యత చూపే ప్రభుత్వ యాప్ సమీర్ చూస్తే గాలి పర్లేదంటుంది. లెక్కలు దొంగవా?
– ఓ గృహిణి

జవాబు: దొంగవని చెప్పలేనమ్మా, అవి కొలిచేది వేరు. మీ తీగ మీద పడేది కంటికి కనపడే పెద్ద నుసి, గాలి కొలిచే మెషీన్ లెక్కేసేది పీఎం10, అంటే 10 మైక్రాన్లు (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు), అంతకన్నా చిన్న కణాలు, తలవెంట్రుక మందంలో ఐదో వంతు కూడా ఉండవు, ఊపిరితిత్తుల్లోకి దూరేవి అవే కాబట్టి పొల్యూషన్ బోర్డువాళ్లు వాటి వెంట పడతారు. కొన్నిచోట్ల ఇప్పటికీ ఫిల్టర్ పేపర్‌ని ముందు తూచి, 24 గంటలు గాలి లాగించి, మళ్లీ తూస్తారు, అదీ వారానికి రెండుసార్లే. 2009 నాటి జాతీయ ప్రమాణం ప్రకారం పీఎం10 రోజు సగటు ఘనపు మీటరుకి 100 మైక్రోగ్రాములు దాటకూడదు. ఆ సగటులో మీ మధ్యాహ్నపు గంట దుమ్ము కలిసిపోతుంది, పైగా గాలి కొలిచే స్టేషన్ జీవీఎంసీ (నగరపాలక సంస్థ) ఆఫీసు దగ్గర, మీరేమో పోర్టు పక్కన! నా మటుకు నాకు మీ వీధికే ఓ మెషీన్ కావాలి. పొల్యూషన్ బోర్డుకిచ్చే కంప్లయింట్‌లో తేదీ, టైము, గాలి ఎటునుంచో రాయండి, మేడ మాత్రం ఊడ్వొద్దు, తడిగుడ్డతో తుడవండి.