మెటల్ డిటెక్టర్ కొన్న మేనల్లుడికి

చిరంజీవి వంశీకి,

మామయ్య ఆశీస్సులు. మెటల్ డిటెక్టర్ కొన్నానని, జూన్‌లో పిల్లల్ని తీసుకుని మా ఫ్లోరిడా వైపు వస్తానని చెప్పావు. చాలా సంతోషం. ఫోన్‌లో అన్నీ కుదరలేదు, అందుకే రాస్తున్నాను. బయల్దేరే ముందు తీరిగ్గా చదువు.

రాగానే బీచ్‌కి పరిగెత్తకండి. డిటెక్టర్ డిక్కీలోనే ఉంచి, సెబాస్టియన్ ఇన్‌లెట్‌కి దక్షిణాన ఉన్న మెక్‌లార్టీ ట్రెజర్ మ్యూజియానికి వెళ్ళండి. తెరిచి ఉందో లేదో ముందు కనుక్కో. చిన్నదే, కానీ అది కట్టింది 1715లో వెండి బంగారాలు మోసుకెళ్తున్న స్పెయిన్ ఓడలు పగిలాక బతికి ఒడ్డుకి చేరినవాళ్ళు తలదాచుకున్న చోట. అక్కడ సముద్రం కనిపించేలా నిలబడి ఆ రాత్రి సంగతి పిల్లలకి చెప్పు.

ఆ ఏడాది జులై 24న హవానా నుంచి 12 ఓడలు బయల్దేరాయి. 11 స్పెయిన్‌వి, ఒకటి గ్రిఫాన్ అనే ఫ్రెంచి ఓడ. మెక్సికో నుంచి వచ్చిన దళానికి ఉబిల్లా, దక్షిణ అమెరికా నుంచి వచ్చినదానికి ఎచెవెర్స్ నాయకులు. యుద్ధంతో ఖజానా ఖాళీ అయిన ఐదో ఫిలిప్ రాజు ఆ వెండి బంగారాల కోసం ఎదురుచూస్తున్నాడు. అందుకే తుఫాన్ల కాలమని తెలిసీ కదిలారు. ఫ్లోరిడాకీ బహామా దీవులకీ మధ్య గల్ఫ్ స్ట్రీమ్ సముద్రంలో నదిలా ఉత్తరానికి పారుతుంది. ఇంటికి పోయే ఓడలకి అదే దారి. తూర్పు నుంచి పెనుగాలి కొట్టిందా, తెరచాప ఓడ పడమటి ఒడ్డు మీదికి కొట్టుకుపోవాల్సిందే. ఒడ్డుకి దగ్గర్లోనే, నీళ్ళ కింద కనిపించకుండా రాతి దిబ్బలు వరసగా ఉంటాయి. 30 రాత్రి మొదలైన హరికేన్ 31 తెల్లారేలోపు 11 ఓడల్నీ వాటి మీదికి విసిరేసింది. తీరానికి దూరంగా నడిచిన గ్రిఫాన్ ఒక్కటే మిగిలింది. నాయకులిద్దరితో సహా సుమారు వెయ్యి మంది పోయారు.

దివిసీమ ఉప్పెన నాటికి నాకు పద్నాలుగేళ్ళు. నీళ్ళు తీశాక మనవాళ్ళు ముందు వెతికింది దేన్నో మీ అమ్మని అడుగు, చెప్తుంది. ఆ బీచ్‌లో నడిచేటప్పుడు అది మనసులో పెట్టుకో నాన్నా.

నీకు నచ్చే మనిషి ఒకాయన ఉన్నాడు, కిప్ వాగ్నర్. ఇళ్ళు కట్టే పని చేసేవాడు. తుఫాన్ల తర్వాత బీచ్‌లో నాణేలు దొరికాయి. ఒక్కదాని మీదా 1715 తర్వాతి సంవత్సరం లేదని గమనించాడు. బెర్నార్డ్ రోమన్స్ గీసిన పాత మ్యాప్‌లో ఆ ఓడలు పోయిన చోటు గుర్తు పెట్టి ఉంది. వాగ్నర్, సైన్యం వదిలించుకున్న మైన్ డిటెక్టర్ (మందుపాతరలు వెతికే పరికరం) ఒకటి కొని, ముందు ఒడ్డున ఉన్న శిబిరం కోసం వెతికాడు. ఫిరంగి గుళ్ళు, పగిలిన కుండ పెంకులు దొరికాక, సముద్రంలో ఎక్కడ దిగాలో అర్థమైంది. 1960ల్లో నిధి పైకి వచ్చిందంటే ఆ పెంకుల దయే. అందుకే నీకు పెంకు కనిపిస్తే తన్నేసి పోవద్దు. తీయకుండా ఫోటో తీసి, చోటు రాసుకుని, మ్యూజియం వాళ్ళకి చూపించు.

ఇప్పుడు రూల్స్. ఇక్కడ రాష్ట్రం భూమిలో, రాష్ట్రం నీళ్ళలో దొరికిన పాత వస్తువు రాష్ట్రానిదే. డిటెక్టర్ పట్టుకుని నీళ్ళలోకి దిగొద్దు. ఓడలు మునిగిన చోట్లలో అనుమతి ఉన్నవాళ్ళే తవ్వాలి. ఏ బీచ్‌లో ఎంతవరకు వెతకనిస్తారో ఆ కౌంటీనీ, పార్కునీ అడిగే వెళ్ళు. మార్చి నుంచి అక్టోబర్ వరకు తాబేళ్ళు గుడ్లు పెట్టే కాలం. కర్రలు పాతిన చోటికి పిల్లల్ని పోనివ్వకు. ఇసుక దిబ్బల మీది గడ్డి పీకినా నేరమే.

అనుమతి ఉన్నవాళ్ళూ తప్పు చేశారు. 2015లో ఒక బృందం ఈ ఓడల బంగారు నాణేలు 101 తీసి, 51 మాత్రమే లెక్క చెప్పింది. దాచిన 50లో 37 అధికారులు 2024లో పట్టుకున్నారు. నాణేలైతే వచ్చాయి, కానీ ఏ నాణెం ఎక్కడ, దేని పక్కన పడి ఉందో ఇక తెలిసేదెలా? నాకు కోపం వచ్చేది అక్కడే.

ఇంకో మాట. బంగారం మూడొందల ఏళ్ళయినా పచ్చగానే ఉంటుంది, వెండి మాత్రం నల్లబడి గులకరాయిలా అవుతుంది. నేనొకసారి షాపులో రసీదుతో ఇలాంటి చిన్న వెండి నాణెం కొన్నాను. వంకరటింకర అంచు, ఒక వైపు సిలువ, రెండో వైపు మెక్సికో టంకశాల గుర్తు లీలగా కనిపించేది. ఇంటికి తెచ్చి, పూజ సామాను తోమినట్టు చింతపండుతో తోమాను. నలుపుతో పాటు పైపొర రాలిపోయింది. గుర్తు పోయింది, సిలువలో సగం పోయింది. ఆ రేకు ఇంకా నా బీరువాలోనే ఉంది, వచ్చినప్పుడు చూపిస్తాను. నువ్వు దేన్నీ తోమకు, గీకకు.

నిజం చెప్పాలంటే జూన్‌లో డిటెక్టర్‌కి సీసా మూతలే దొరుకుతాయి. చలికాలంలో ఈశాన్యపు గాలులు ఇసుకని కోసేశాకే ఏదైనా బయటపడేది. కానీ జూన్‌లో నీళ్ళు నెమ్మదిగా, తేటగా ఉంటాయి. అందుకని ఫోర్ట్ పియర్స్‌లో పెప్పర్ పార్క్ ఎదురుగా నీళ్ళలో ఉన్న ఉర్కా ద లిమా అనే మునిగిన ఓడ దగ్గరికి వెళ్దాం. 1715 దళంలోదే. 1987 నుంచి ప్రభుత్వం దాన్ని కాపాడుతోంది. పది పదిహేను అడుగుల లోతే, స్నార్కెల్‌తో పైనుంచే చూడొచ్చు. కనిపించే ఫిరంగులు సిమెంటు నకళ్ళని పిల్లలకి ముందే చెప్పు. ఆ ఓడలో రాజుగారి వెండి లేదు. తోళ్ళు, వెనీలా, చాక్లెట్ లాంటి సరుకులున్నాయి. మిగతావాటిలా ముక్కలవలేదు కాబట్టి అందులోని తిండే బతికినవాళ్ళ కడుపు నింపింది. నాకు అన్ని ఓడల్లోకీ అదంటేనే ఇష్టం.

అలలు కాస్త ఎక్కువగా ఉన్నా దిగేది లేదు, పిల్లలు ఏడ్చినా సరే. నీళ్ళు లోపలికి లాగితే ఎదురీదకుండా ఒడ్డు వెంబడి పక్కకి ఈదాలని ఇంటి దగ్గరే నేర్పించు. నీళ్ళలో మనుషులున్నారని పడవలవాళ్ళకి తెలియడానికి పెట్టే తెల్ల గీత ఉన్న ఎర్ర జెండా నా దగ్గరుంది. పిల్లల పాదాల కొలతలు పంపు, ఫిన్స్ తెప్పించి ఉంచుతాను.

మామయ్య