అమెరికాలో తుపాకీ ఉంచుకోవడాన్ని స్వేచ్ఛలో భాగంగా ఎందుకు చూస్తారు?

దీనికి మూలం 1791లో రాజ్యాంగంలో చేరిన రెండో సవరణ. ఆయుధాలు ఉంచుకునే హక్కును కాపాడేది అదే. దాన్ని రాసింది బ్రిటిష్ రాజు సైన్యంతో పోరాడి బయటపడిన తరం. ఆయుధాలన్నీ ప్రభుత్వం చేతిలోనే ఉంటే రేపు తమకు దిక్కెవరన్న భయం వాళ్లకు నిజంగానే ఉండేది. అయితే ఆ సవరణ పౌరసేన ప్రస్తావనతో మొదలవుతుంది. అందుకే ఈ హక్కు పౌరసేనకా, ప్రతి మనిషికా అన్న వాదన చాలాకాలం నడిచింది. 2008లో హెల్లర్ కేసులో సుప్రీంకోర్టు 5-4 మెజారిటీతో తేల్చింది: ఆత్మరక్షణకు ఇంట్లో తుపాకీ ఉంచుకోవడం వ్యక్తిగత హక్కే. 2022లో బ్రూయెన్ తీర్పుతో ఆ హక్కు గడప దాటి వీధిలోకీ వచ్చింది.

అలాగని హద్దులు లేకపోలేదు. గృహహింస కేసులో కోర్టు రక్షణ ఉత్తర్వు ఎవరికి వ్యతిరేకంగా ఉందో వాళ్ల దగ్గర తుపాకీ ఉండకూడదన్న చట్టాన్ని 2024లో రహీమి కేసులో అదే కోర్టు 8-1తో సమర్థించింది. మనవాళ్లు తెలుసుకోవాల్సింది ఇంకొకటి ఉంది. ఎఫ్-1, హెచ్-1బి వీసాలపై ఉన్నవాళ్లు తుపాకీ కలిగి ఉండటం, వేట లైసెన్సు వంటి కొన్ని మినహాయింపులు తప్పిస్తే, ఫెడరల్ నేరం. సరదాకి కూడా కొనకండి.

నా మటుకు నాకు ఈ చర్చలో ఒక లోటు కనిపిస్తుంది. ఇరుపక్షాలూ దొంగల గురించి, సామూహిక కాల్పుల గురించే ఎక్కువ మాట్లాడతాయి. కానీ అక్కడి తుపాకీ మరణాల్లో సగానికి పైగా ఆత్మహత్యలే. ఇంట్లో తుపాకీని తాళం వేసి భద్రపరచమనే చట్టాలను కొన్ని రాష్ట్రాలు తెచ్చింది కొంతవరకు అందుకే.