పొలం ముఖం చూడని పిల్లవాడికి అగ్రికల్చరల్ ఇంజినీరింగ్ ఎక్కుతుందా?

మీరు అడిగింది ఇదీ: తమ్ముడికి ఈఏపీసెట్ ర్యాంకుకు బీటెక్ అగ్రికల్చరల్ ఇంజినీరింగ్ వచ్చేలా ఉంది, హైదరాబాద్‌లో పుట్టి పెరిగాడు, గేదెకూ ఆవుకూ తేడా తెలుసు గానీ అంతకు మించి తెలియదు. క్లాసులో వెనకబడిపోతాడా? అసలు అక్కడ ఏం నేర్పుతారు?

నాది విజయవాడ. నాన్నది బట్టల కొట్టు. ఇంటర్ ఎంపీసీ, అప్పట్లో ఎంసెట్. ఇదే బ్రాంచిలో చేరాను. తర్వాత కొన్నేళ్ళు డ్రిప్ (బిందు సేద్యం) కంపెనీలో చేశాను, ఇప్పుడు డిప్లొమా పిల్లలకు పాఠాలు చెబుతున్నాను. కాబట్టి బల్లకు రెండు వైపులా కూర్చున్నదాన్ని.

ముందు చుట్టాల సందేహం తీర్చేయండి. ఇది బైపీసీ వాళ్ళు చదివే బీఎస్సీ అగ్రికల్చర్ కాదు. మొదటి రెండేళ్ళు మ్యాథ్స్, ఇంజినీరింగ్ మెకానిక్స్, సర్వేయింగ్, ఫ్లూయిడ్ మెకానిక్స్, థర్మోడైనమిక్స్, అంటే సగం సివిల్, సగం మెకానికల్. పక్కనే సాయిల్ సైన్స్, అగ్రానమీ (పంటల సాగు శాస్త్రం) ఒక్కో పేపరు. ఆ తర్వాత నాలుగు దారులు: యంత్రాలు, నేల-నీరు, సాగునీరు పారించడం-పొలంలో నిలిచిన నీరు బయటికి పంపడం, పంట కోశాక చేసే ప్రాసెసింగ్. మన దేశంలో ఈ డిగ్రీ 1942లో అలహాబాద్‌లో మొదలైంది, మేసన్ వా అనే అమెరికన్ ఇంజినీరు చొరవతో. అక్కడ తయారైన నాగళ్ళకు షాబాష్, వాహ్‌వాహ్ అని పేర్లు పెట్టారు. పుస్తకంలో అది చదివినప్పుడు క్లాసంతా నవ్వింది. ఖరగ్‌పూర్ ఐఐటీలో 1952లో మొదలుపెట్టారు.

లెక్కల వైపు మీ తమ్ముడికి ఇబ్బంది ఉండదు. భయపడేది పొలం గురించే కదా, అక్కడికే వస్తాను.

మూడో ఏడాదిలో సీడ్ డ్రిల్ క్యాలిబ్రేషన్ అని ఒక ప్రాక్టికల్, అంటే విత్తే యంత్రం ఎకరాకు ఎంత విత్తనం వేస్తుందో ముందే తేల్చడం. ఎద్దులతో విత్తే మన గొర్రుకు ఇనుప మనవరాలు అనుకోండి. గొర్రులో జడ్డిగం అనే గిన్నెలోకి మనిషి చేత్తో విత్తనం వదిలితే, ఇక్కడ చక్రం తిరిగే కొద్దీ విత్తనం పడుతుంది. యంత్రాన్ని జాకీ మీద లేపి, చక్రాన్ని చేత్తో 50 చుట్లు తిప్పి, గొట్టాల కింద కట్టిన సంచుల్లో పడ్డదాన్ని తూస్తారు. మా చక్రం వ్యాసం 60 సెంటీమీటర్లు, ఒక చుట్టుకు 1.88 మీటర్లు. ఆరు చాళ్ళు, చాలుకూ చాలుకూ మధ్య 30 సెంటీమీటర్లు, వెడల్పు 1.8 మీటర్లు. అంటే 50 చుట్లకు దాదాపు 170 చదరపు మీటర్లు విత్తినట్టు. పడ్డ వేరుశనగ పప్పు 2 కిలోలు. ఎకరాకు లెక్కేస్తే సుమారు 48 కిలోలు. రికార్డులో రాసి సంతకం పెట్టించుకున్నాం.

ఇందులో నిజంగా చక్రం తిప్పింది నలుగురం. మిగతా ముప్పై ఆరు మంది వేపచెట్టు కింద ఉన్నారు. రికార్డులు మాత్రం నలభైలోనూ అవే 2 కిలోలు. సీనియర్ల రికార్డు తీసి చూస్తే అందులోనూ 2 కిలోలే! మేం తూచింది కూడా ఆ అంకె వచ్చేదాకా అటూ ఇటూ సర్దినట్టే ఉండిందని ఇప్పుడు ఒప్పుకుంటున్నాను. కాలేజీ పేరు వద్దు లెండి, చాలా చోట్ల ఇదే కథ.

ఆ సెలవుల్లో స్నేహితురాలి ఊరికి వెళ్ళాను, అనంతపురం వైపు ఎర్ర నేలలు. వాళ్ళ నాన్న అద్దెకు తెచ్చిన సీడ్ డ్రిల్ మేం కాలేజీలో తిప్పిన రకమే. నేను పెద్ద ఇంజినీరులా జాకీ పెట్టించి, తిప్పించి, ఎకరాకు 48 కిలోలు అని తేల్చాను. 48 కిలోలు పోసి ఎకరా విత్తాక చూస్తే డబ్బాలో 5 కిలోలు మిగిలింది. ఆయనకు కంగారు, మొలక పలచబడుతుందని. నేను లెక్క మళ్ళీ మళ్ళీ చూసుకుంటున్నాను, ఎక్కడా తప్పు లేదు. ట్రాక్టర్ డ్రైవర్ బీడీ ఆర్పి అన్నాడు: "పాపా, మీరు చక్రాన్ని గాల్లో తిప్పి లెక్కేసినారు. నేల మీద అది జారదా?"

అంతే. దుక్కి చేసిన వదులు నేలలో చక్రం కొంత తిరుగుతుంది, కొంత ఈడ్చుకుపోతుంది. ఈడ్చుకుపోయినంత సేపూ విత్తనం పడదు. చక్రం ఆకుకు (స్పోకుకు) ఎర్ర గుడ్డ ముక్క కట్టి, 100 మీటర్లు కొలిచి, పక్కనే నడుస్తూ చుట్లు లెక్కపెట్టాను. 53 రావాలి, 48 వచ్చాయి. మూడుసార్లూ దాదాపు అంతే. 48 కిలోలకు 43 పడటానికి కారణం అదే. విత్తనం పడే రంధ్రం కొంచెం పెద్దది చేసి రెండో ఎకరా విత్తారు.

పుస్తకంలో 'స్కిడ్' అన్న మాట అంతకు ముందే ఉంది. పరీక్షలో రెండు మార్కుల ప్రశ్నగా రాశాను కూడా. అయినా అది నాకు తెలిసింది ఆ రోజే. కాలేజీకి వచ్చి ఆ లెక్కంతా రికార్డులో కలిపితే, ఒక సార్ "అందరి వాల్యూ ఒకలా ఉంటే నీది వేరుగా ఉందేం" అని పదికి ఆరు వేశారు. ఎక్స్‌టర్నల్ వైవాకు వచ్చిన ఆయన మాత్రం ఇరవై నిమిషాలు దాని గురించే అడిగారు, వేరే ప్రశ్న లేదు.

మీ తమ్ముడి సందేహానికి నా జవాబు ఇక్కడే ఉంది. పొలం తెలియకపోవడం లోటు కాదు. చూసినదాన్ని కొలిచి, కొలిచినది పుస్తకంతో కలవకపోతే ఎందుకు కలవలేదని ఆగే బుద్ధి ఉంటే ఈ చదువు ఎక్కుతుంది. ఆ బుద్ధి లేనివాడు పదెకరాల ఆసామి కొడుకైనా అంతే.

పల్లె పిల్లలకు వేరే చిక్కు ఉంటుంది, దాన్ని ఎవరూ చెప్పరు. వాళ్ళకు చేయి తెలుసు, అంకె తెలియదు. మా క్లాసులో గుంటూరు జిల్లా రైతు కొడుకు ఒకడు పిడికెడు మట్టి ఉండ చేసి, నడుము ఎత్తు నుంచి వదిలి, పగిలితే "పదునుంది" (దున్నడానికి తగిన తేమ ఉంది), చదునుగా అతుక్కుంటే "ఇంకా రెండు రోజులు" అనేవాడు. ల్యాబ్‌లో అదే మట్టిని ఓవెన్‌లో 105 డిగ్రీల దగ్గర 24 గంటలు పెట్టి తేమ శాతం తీయాలంటే మాత్రం వాడికి చికాకు. నేనేమో శాతం తీయగలను, పదును చూడలేను. మట్టిని తాడులా నలుపుతూ పోతే 3 మిల్లీమీటర్ల మందానికి వచ్చేసరికి విరిగిపోయే తేమను ప్లాస్టిక్ లిమిట్ అంటారు. తేమ ఆ గీతకు కాస్త తక్కువగా ఉన్నప్పుడు దున్నితేనే గడ్డలు చక్కగా విరుగుతాయి. వాడి ఉండ, నా తాడు ఒకే సంగతి చెబుతున్నాయని మా ఇద్దరికీ అర్థమవడానికి ఒక సెమిస్టరు పట్టింది. మీ తమ్ముణ్ణి హాస్టల్‌లో ఇలాంటి రూమ్మేట్‌ను వెతుక్కోమనండి. ఇద్దరికీ లాభం.

మోసం చేసే అంకెలు ఇంకా ఉన్నాయి. ధాన్యం కొనుగోలు కేంద్రంలో 17 శాతం తేమ అంటారే, అది తడి బరువు (నీటితో కలిపిన మొత్తం బరువు) మీద లెక్క. పొడి బరువు మీద చేస్తే అదే ధాన్యం 20.5 శాతం. డ్రయ్యర్ లెక్కల్లో ఈ రెండూ కలిపేసి మునిగినవాళ్ళలో నేనూ ఉన్నాను.

పాఠం చెప్పేవాళ్ళ కష్టం కూడా ఒక మాట. నలభై మంది, ఒక యంత్రం, రెండు గంటల ప్రాక్టికల్. ట్రాక్టర్‌కు తగిలించడానికే అరగంట. ఇప్పుడు నేను ఐదుగురికో గుంపు చేసి, ఒక్కో గుంపుకు రంధ్రం సైజు మార్చి ఇస్తాను. అంకెలు కలవనే కలవవు, కాపీ కొట్టినవాడు వెంటనే దొరుకుతాడు. ఒక గుంపు యంత్రం దగ్గర ఉంటే ఇంకో గుంపు ఇన్‌ఫిల్ట్రోమీటర్ దగ్గర, నేలలోకి నీళ్ళు ఇంకే వేగం చూస్తూ. నల్లరేగడిలో పగుళ్ళు మూసుకున్నాక ఆ నీళ్ళు దిగనే దిగవు, పిల్లలు ఆవులిస్తారు. ఆవులించనిస్తాను. దిగకపోవడమే అక్కడ పాఠం.

ఇక కాలేజీ ఎంపిక. ఆంధ్రలో బాపట్ల, మడకశిర, తెలంగాణలో సంగారెడ్డి దగ్గర కంది, ఇవి వ్యవసాయ విశ్వవిద్యాలయాల కాలేజీలు, ఐసీఏఆర్ (భారత వ్యవసాయ పరిశోధన మండలి) సిలబస్. చివరి ఏడాదిలో స్టూడెంట్ రెడీ పేరుతో ఇంటర్న్‌షిప్, ప్రాజెక్టు ఉంటాయి. జేఎన్‌టీయూ కింద ప్రైవేటు కాలేజీల్లోనూ ఈ బ్రాంచి ఉంది, సిలబస్ వేరు. ప్రైవేటులో చేర్చేట్టయితే వెళ్ళి చూడండి: సొంత పొలం ఉందా, ట్రాక్టర్ ఉందా, ఉంటే దాని టైర్లకు మట్టి ఉందా. నేను సీరియస్‌గానే అంటున్నాను. మెరిసిపోతున్న ట్రాక్టర్ ఇన్‌స్పెక్షన్ కోసం కొన్నది.

ఉద్యోగాలంటే కంప్యూటర్ సైన్సుతో పోల్చొద్దు, క్యాంపస్‌లో ఆ జీతాలు రావు. డ్రిప్, ట్రాక్టర్, ఫుడ్ ప్రాసెసింగ్ కంపెనీలు, గేట్‌లో ఏజీ (అగ్రికల్చరల్ ఇంజినీరింగ్) పేపరు రాసి ఎంటెక్, లేదా అమెరికా. అక్కడ టెక్సాస్ ఏ అండ్ ఎం, కాన్సస్ స్టేట్ లాంటి చోట్ల డిపార్ట్‌మెంట్ పేరు బయలాజికల్ అండ్ అగ్రికల్చరల్ ఇంజినీరింగ్. 1907లో పెట్టిన వాళ్ళ వ్యవసాయ ఇంజినీర్ల సంఘం కూడా 2005లో పేరులో బయలాజికల్ చేర్చుకుంది. పేరు చూసి ఇది వేరే కోర్సేమో అని టెన్షన్ పడకండి, మనవాళ్ళు అప్లై చేసేవి ఇవే.

కౌన్సెలింగ్ తేదీల కోసం మీరు ఎదురుచూసే రోజుల్లోనే అనంతపురం వైపు వేరుశనగ విత్తుతుంటారు. వాన పడిన వారంలో మీ తమ్ముణ్ణి బస్సెక్కించండి. ఏ ఊళ్ళో దిగినా సీడ్ డ్రిల్ కనిపిస్తుంది, పక్కన నడుస్తానంటే ఎవరూ కాదనరు. ఒక టేపు, ఒక ఎర్ర గుడ్డ ముక్క జేబులో పెట్టుకుని వెళ్ళమనండి.