నిఘా సంస్థలు పత్రికల మీద నిజంగా ప్రభావం చూపుతాయా? మన హైదరాబాద్‌లోనూ ఉందా?

చూపుతాయి. దాదాపు 50 మంది అమెరికన్ పాత్రికేయులు, మీడియా ఉద్యోగులతో అమెరికా గూఢచార సంస్థ సీఐఏకు రహస్య సంబంధాలున్నాయని అక్కడి సెనేట్ కమిటీయే 1976లో తేల్చింది.

మన దగ్గర చూడండి. మావోయిస్టుల కదలికలు కనిపెట్టాల్సిన తెలంగాణ పోలీసు నిఘా విభాగం ఎస్ఐబీలో అక్రమంగా ఫోన్లు విన్నారంటూ 2024 మార్చిలో పంజాగుట్ట స్టేషన్‌లో కేసు పెట్టారు. నాయకులతోపాటు విలేకరుల ఫోన్లూ ట్యాప్ చేశారని, ప్రభుత్వం మారుతుండగా హార్డ్ డిస్కులు ధ్వంసం చేశారని ఆరోపణ. నా దృష్టిలో ఇది సెన్సార్ కంటే ప్రమాదం. ఎమర్జెన్సీలో ఏ వార్త కొట్టేశారో డెస్కులో కూర్చున్నవాళ్లకైనా తెలిసేది. ఫోన్ మీద అనుమానం పడితే మాత్రం, సచివాలయంలో ఫైలు సంగతి చెప్పే చిన్న ఉద్యోగి ఇక విలేకరి ఫోనెత్తడు. మన చట్టంలో విలేకరికి సమాచారమిచ్చినవాళ్ల పేరు దాచుకునే హక్కుకు స్పష్టమైన రక్షణ లేదు. ముందు కావాల్సింది అదే.