రెండో మోటారు ఎవరిది?

నెల్లూరు,
మే నెల, ఎండ మండే మధ్యాహ్నం

అమ్మాయ్,

నీ కథ అందింది. రెండుసార్లు చదివాను. మొదటిసారి బాగుందే అనుకున్నాను. రెండోసారి నాలుగో పేజీ దగ్గర ఆగిపోయాను. నీ కథలోని కొత్తపట్నం మామ పాత అవుట్‌బోర్డు మోటారును, అదే పడవ వెనక తగిలించే మోటారును, బాగుచేసి, ఒడ్డున ఇసుకలో కర్రలు పాతి వాటికి బిగించి, తాడు లాగితే అది లేచి పది నిమిషాలు ఆడిందని రాశావు. పిల్లలు చప్పట్లు కొట్టారని కూడా రాశావు.

ఆ పది నిమిషాల్లో ఆ మోటారు పని అయిపోయుంటుంది తల్లీ.

అది లోపలికి లాక్కునే నీళ్లతోనే చల్లబడుతుంది. కింద గేర్ల పెట్టె పైన చిన్న పంపు ఉంటుంది, దాంట్లో రబ్బరు రెక్కల ఇంపెల్లరు. నీళ్లు లేకుండా తిప్పితే ఆ రబ్బరు పంపు గోడలకు రాసుకుని మాడిపోవడానికి ఎంతోసేపు పట్టదు. అందుకే డ్రమ్ములో నీళ్లు నింపి, మోటారు కాలు, అంటే ప్రొపెల్లరు ఉండే కింది భాగం, ముంచి, అప్పుడు తాడు లాగుతారు. వెనక సన్నని ధార చిమ్మితే పంపు ఆడుతున్నట్టు లెక్క. మా పాలెంలో "ఉచ్చ పోస్తా ఉండాదా?" అని అడిగేవాళ్లు. కథలో పెట్టుకో, సిగ్గుపడకు.

ఇదంతా నాకెట్లా తెలుసంటావా? నేనూ ఆ పనే చేశాను. పద్దెనిమిదేళ్లప్పుడు, మైపాడు వైపు మా మేనమామ పాకలో. ఆయన అన్నానికి పోయిన సందు చూసుకుని తాడు లాగాను. మూడో లాగుడుకే లేచింది. పొగ, మోత, నా ఒళ్లంతా గర్వం. మామ చేతి ఎంగిలి కడుక్కోకుండానే పరుగెత్తుకొచ్చి ఆపేశాడు. ఒక్క మాట అనలేదు. పంపు విప్పి, రెక్కలు ఊడిపోయిన ఇంపెల్లరు నా అరచేతిలో పెట్టాడు. ఇంకా వేడిగా ఉంది, టైరు తగలబెట్టిన వాసన. ఇంకొకటి సంపాదించేదాకా ఆ పడవ ఒడ్డునే ఉండిపోయింది.

నీ కథ జనవరిలో నడుస్తుంది. ఉన్న ఒక్క మోటారునూ జనవరిలో విప్పేసి కూర్చునే వేటగాడు ఉండడు. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట నిషేధం, ఆ 61 రోజుల్లోనే వలలు కుట్టుకోవడం, మోటార్లు విప్పడం. నెల మార్చేస్తే ఇంట్లో చేతిలో డబ్బు ఆడని సంగతి కూడా నువ్వు చెప్పకుండానే వచ్చేస్తుంది.

రెండో పేజీలో, ఓలె ఎవిన్‌రూడ్ అనే ఆయన 1909లో అమెరికాలో ఈ మోటార్ల వ్యాపారం మొదలుపెట్టాడని మామ చేత చెప్పించావు. సంగతి నిజమే. కానీ తాడు లాగి లాగి చెయ్యి బొబ్బలెక్కిన మనిషి ఆ మాట ఎవరితో అంటాడు? అది నీకు తెలిసిన ముక్క. కొట్టెయ్.

"తుప్పు పట్టిన బోల్టులన్నీ విప్పాడు" అని ఒక్క వాక్యంలో తేల్చేశావు చూడు, అక్కడ నాకు నిజంగా కోపమొచ్చింది. అల్యూమినియం ఒంట్లో ఇనప బోల్టు, మధ్యలో ఉప్పునీళ్లు. ఏళ్ల తరబడి అట్టా ఉంటే చుట్టూ తెల్లటి పొడి పేరుకుని రెండూ ఒకటైపోతాయి. బలంగా తిప్పావా, తల ఊడి చేతికొస్తుంది, ఒళ్లు లోపలే ఉండిపోతుంది. మా మామ ముందురోజు సాయంత్రమే కిరసనాయిలు పోసి ఉంచేవాడు. తెల్లారి బ్లో ల్యాంపుతో బోల్టు చుట్టూ వేడి చేసి, సుత్తితో తలమీద చిన్నగా తట్టి, పానాను ముందు బిగించే వైపు ఇసుమంత తిప్పేవాడు. "కిర్రు"మనాలి. ఆ కిర్రు వినపడిన తర్వాతే విప్పే వైపు. వినపడకపోతే మళ్లీ కిరసనాయిలు, మళ్లీ రేపు. ఒక్క బోల్టుకు నువ్వు ఒక పేజీ ఇవ్వొచ్చు. మిగతా అయిదింటికీ ఒక్క మాట చాలు.

కార్బ్యురేటరు కడగడం, స్పార్కు పుట్టించే పాయింట్ల మధ్య సందు అర మిల్లీమీటరుకు సరిచూడటం, యాభై పాళ్ల పెట్రోలుకు ఒక పాలు టూటీ ఆయిలు కలపడం, ఇవన్నీ తెలుసుకో. అన్నీ రాయకు.

ఇక అసలు సంగతి. "కావలసిన సామాన్లు పాత ఇనప కొట్లో కొన్నాడు" అని రాసి ముందుకు పోయావు. చచ్చిన మోటారును లేపాలంటే చచ్చిన మోటారు ఇంకొకటి కావాలి. మా మామకు అది పక్క పాలెంలో దొరికింది. ఆ మనిషి పడవ అమ్మేసి పెళ్లాం బిడ్డలతో మద్రాసు పోతా, మోటారును మామకు కట్టబెట్టి పోయాడు. దాని తలకాయ పగిలింది, కాలు బాగుంది. మా దానికి తలకాయ బాగుంది, కాలు విరిగింది. రెండూ కలిపితే ఒకటయింది. కాలి బోల్టులు విప్పినప్పుడు లోపలి ఆయిలు మజ్జిగలా తెల్లగా కారింది. లోపలికి నీళ్లు రాకుండా ఆపే సీలు పోయి నీళ్లు చేరాయన్నమాట. సీలు మార్చాడు. పైన ఎర్ర రంగు, కింద నీలం. ఆ తేడా చివరిదాకా అట్టానే ఉంది.

సంక్రాంతికి ఆ మనిషి ఊరికొచ్చాడు. మా పడవ ఒడ్డున ఉంది. దగ్గరికొచ్చి గొంతుక్కూర్చున్నాడు. ప్రొపెల్లరు పైన అడ్డంగా ఉండే రేకులో ఒకచోట నొక్కు ఉంది, ఎప్పుడో రాయికి తగిలింది. దాని మీద బొటనవేలు పెట్టి అటూ ఇటూ రుద్దాడు. తర్వాత తల ఎత్తకుండానే అడిగాడు:

"ఆయిలు ఇంకా తెల్లబడతా ఉండాదా, బావా?"

"లేదులే, సీలు మార్చినా."

ఆ మాటకు ఆయన సంతోషపడతాడనుకున్నాను. ముఖం చిన్నబుచ్చుకుని లేచిపోయాడు. మామ కూడా ఆ పూట ఎవరితోనూ మాట్లాడలేదు. ఎన్నో కథలు రాశాను గానీ ఆ ముఖాన్ని ఇప్పటిదాకా ఏ కథలోనూ పెట్టలేకపోయాను.

నీ కథలో మామ నిజంగా ఉన్న మనిషేనా? ఉంటే ఈ ఆదివారం పోయి అడుగు, ఆ రెండో మోటారు ఎవరిదని. జూన్ 14 దాటితే దొరకడు, వేటకు పోతాడు.

ఆశీస్సులతో,
మీ మాస్టారు