మోటారు కొనేముందు మీటర్ పెట్టి చూడు

మేనల్లుడికి మామయ్య ఆశీస్సులు.

మీ ట్రైలర్ ఇంటికి స్లయిడ్, అదే గది పెద్దదవ్వడానికి మోటారుతో బయటికి జరిగే గోడ, సగం బయటికి వచ్చి ఆగిపోయిందని, కొత్త మోటారు ఆర్డర్ పెడుతున్నానని మెసేజ్ పెట్టావు. కాస్త ఆగరా. గోడ కదలకపోతే అందరూ ముందు మోటారునే తిడతారు గానీ, చాలాసార్లు దానిదాకా కరెంటు సరిగ్గా చేరకపోవడమే అసలు రోగం.

ముందు స్లయిడ్‌కి లోపల చెప్పో, బయట చెట్టు కొమ్మో అడ్డం పడిందేమో చూడు. నవ్వకు, జరుగుతుంది.

ఆ మోటారు నడిచేది 12 వోల్టుల డీసీ మీద. లోపల లైట్లు బ్రహ్మాండంగా వెలుగుతున్నాయి కాబట్టి బ్యాటరీ బాగుందనుకోకు. ఎల్ఈడీ లైటుకి ఒక ఆంపియర్ కూడా అక్కర్లేదు, మోటారుకి అలా కుదరదు. నిండా ఛార్జ్ అయిన లెడ్ యాసిడ్ బ్యాటరీ, ఛార్జింగ్ తీసేసి కాసేపు వదిలేసి మల్టీమీటర్ (వోల్టులు కొలిచే మీటర్) పెడితే 12.6 వోల్టుల దాకా చూపించాలి. అది చూసి మురిసిపోవద్దు. అమ్మాయిని స్లయిడ్ బటన్ నొక్కి పట్టుకోమని, అప్పుడు మీటర్ చూడు. పదికి పడిపోయిందంటే బ్యాటరీ పని అయిపోయినట్టే.

బ్యాటరీ నిలబడితే, అలాగే బటన్ నొక్కించి మోటారు వైర్ల దగ్గర చూడు. అక్కడ బాగా తగ్గిందంటే ఎర్త్ వైరుని, అంటే కరెంటు బ్యాటరీకి తిరిగి చేరే వైరుని, అనుమానించు. దాన్ని ఛాసిస్‌కి, అదే బండి ఇనుప చట్రానికి, బిగించిన బోల్టు మీద రోడ్డు నీళ్లు, మంచు కరగడానికి రోడ్డు మీద చల్లే ఉప్పు పడి తుప్పు పడుతుంది. బ్యాటరీ నెగటివ్ తీసేసి, బోల్టు విప్పి, ఇనుము మెరిసేదాకా ఉప్పుకాగితంతో రుద్ది బిగించు. రిలే (బటన్ నొక్కితే మోటారుకి కరెంటు కలిపే స్విచ్) టకటకమంటూ మోటారు తిరగకపోతే, చాలావరకు కారణం ఈ తుప్పు లేదా నీరసించిన బ్యాటరీనే. మోటారు దగ్గర అసలేమీ రాకపోతే ఫ్యూజు, స్విచ్ చూడు. 30 ఆంపియర్ల ఫ్యూజు పోయిందని 40 వేశావంటే ఈసారి మాడేది వైరే.

వోల్టేజ్ నిండుగా వచ్చినా ఉలుకూ పలుకూ లేకపోతే, సుత్తి పిడితో మోటారుని మెల్లగా తట్టు. కదిలిందా, బ్రష్షులు (మోటారు లోపల తిరిగే భాగానికి కరెంటు అందించే ముక్కలు) అరిగినట్టు. అప్పుడు కొను. మోటారు గిర్రున తిరుగుతున్నా గోడ కదలకపోతే షియర్ పిన్, అంటే బరువు ఎక్కువైతే ముందు తానే విరిగి మిగతా భాగాల్ని కాపాడే పిన్ను, విరిగి ఉండొచ్చు, అది చవక.

ఈలోగా వాన వస్తే చేత్తో తిప్పి లోపలికి లాగే ఏర్పాటు ఉంటుంది, మాన్యువల్‌లో చూడు. దానికోసం మోటారు బ్రేకు విడిపిస్తే బండి తీసేముందు మళ్లీ వెయ్యి, లేకపోతే హైవే మీద స్లయిడ్ బయటికి జరగొచ్చు. పిల్లల్ని మాత్రం ఆ దరిదాపులకి రానివ్వకు.

బటన్ నొక్కినప్పుడు బ్యాటరీ దగ్గర ఎంత, మోటారు దగ్గర ఎంత, ఈ రెండు అంకెలూ వాట్సాప్ చెయ్యి. అప్పటిదాకా క్రెడిట్ కార్డు బయటికి తీయకు.

మీ మామయ్య