ప్రాణాంతక వ్యాధి ఉన్నవారికి అమెరికాలో వేట లైసెన్సు ఇస్తారా?

ఇస్తారు. జబ్బు అనర్హత కాదు. మన దేశంలో 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద సరదా వేట నేరం కనుక ఇక్కడ ఈ ప్రశ్నే రాదు. అమెరికాలో లైసెన్సులు ఇచ్చేది రాష్ట్రాలు, రాయితీలు ఎక్కడికక్కడ మారతాయి.

నాకు బాగా నచ్చిన ఏర్పాటు అరిజోనా రాష్ట్రానిది. అక్కడ ఎల్క్ (ఒక పెద్ద జింక జాతి) వంటి పెద్ద జంతువును వేటాడాలంటే లైసెన్సు ఒక్కటే చాలదు, ట్యాగు, అంటే ఒక జంతువును వేటాడేందుకు ఇచ్చే అనుమతి చీటీ కూడా కావాలి. వేటాడిన జంతువుకు దాన్ని తగిలించాలి. ఈ ట్యాగులు ఎక్కువగా లాటరీలోనే వస్తాయి. కొందరు ఏళ్ల తరబడి ఎదురుచూస్తారు. వచ్చే ఏడాది ఉంటాడో లేదో తెలియని పిల్లవాణ్ణి ఆ వరుసలో నిలబెట్టడం అన్యాయం కదా! అందుకే ట్యాగు దక్కినవారు, ఇలాంటి పిల్లల కోసం పనిచేసే లాభాపేక్ష లేని సంస్థకు దాన్ని ఇచ్చేయవచ్చు. ఆ సంస్థ దాన్ని ప్రాణాంతక వ్యాధి ఉన్న పిల్లలకు అందిస్తుంది.

అక్కడ పెద్ద జంతువుల వేటకు పదేళ్లు నిండాలి. 10 నుంచి 13 ఏళ్ల వారికి వేట భద్రత శిక్షణ తప్పనిసరి. తుపాకీ చేతికిచ్చే పని కాబట్టి ఈ పట్టింపు సరైనదే.

నడవలేనివారికి అరిజోనాలో మరో అనుమతి ఉంది. శాశ్వత వైకల్యాన్ని వైద్యుడు ధ్రువీకరిస్తే, ఇంజను ఆపి నిలిపిన వాహనంలో కూర్చునే వేటాడవచ్చు.

వేట కాలం పరిమితంగానే ఉంటుంది. కాబట్టి ఆలస్యం చేయకుండా ముందు ఆ రాష్ట్ర వన్యప్రాణి శాఖకు ఫోను చేసి, వైద్యుడి పత్రం ఏ నమూనాలో కావాలో అడగండి.